రక్తంలో లవణాల పరీక్ష – రోగి బంధువులు తెలుసుకోవలసిన విషయాలు

మీ ఇంటి పెద్దాయనకు డెబ్బై ఏళ్లు. నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. నిన్నటి నుండి మాట తడబడుతోంది. ఇది ఏ ఊరని అడిగితే ఇంకేదో చెబుతున్నారు. వయసు మీద పడింది కదా అని మొదట ఊరుకున్నారు. ఈ రోజు లేచి నిలబడలేకపోతే ఆసుపత్రికి తీసుకువచ్చారు. రక్తం తీసి ల్యాబ్‌కు పంపిన గంటకు డాక్టరు గారు మీ దగ్గరికి వచ్చి, "సోడియం 118కి పడిపోయింది, వార్డులో ఉంచాలి" అన్నారు.

అప్పుడు మీ మనసులో కలిగే ప్రశ్న మాకు తెలుసు. "సోడియం అంటే ఉప్పే కదా! ఉప్పు తక్కువైతే అన్నంలో కాస్త ఉప్పు ఎక్కువ వేసి పెడితే సరిపోదా? దీనికి ఆసుపత్రిలో ఉండాలా?"

సరిపోదు. ఒక్కొక్కసారి అలా చేయడం ప్రమాదం కూడా. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఈ పరీక్ష రిపోర్టులో ఉండేవి నాలుగైదు అంకెలు మాత్రమే. ఆ అంకె తగ్గిందా పెరిగిందా అన్నది ల్యాబ్ చెబుతుంది. ఎందుకు తగ్గింది, ఎందుకు పెరిగింది అన్న దానికి జవాబు చాలాసార్లు మీ ఇంట్లోనే ఉంటుంది. అందుకే ఈ పాఠం రోగి కోసం కాక, రోగి పక్కన కూర్చున్న మీ కోసం రాశాము.

ఈ పరీక్ష దేనికి?

మన శరీర బరువులో సగానికి పైగా నీరే. అరవై కిలోల బరువున్న మగవారి ఒంట్లో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుంది. ఆ నీటిలో సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ వంటి లవణాలు కరిగి ఉంటాయి. వీటినే ఎలక్ట్రోలైట్లు అంటారు. నరాల గుండా కబురు వెళ్లాలన్నా, కండరం కదలాలన్నా, గుండె తప్పకుండా కొట్టుకోవాలన్నా ఈ లవణాలు తగిన పాళ్లలో ఉండాలి. మనం ఏమి తిన్నా, ఎంత తాగినా ఈ పాళ్లు చెడకుండా రాత్రింబవళ్లు కాపలా కాసేవి మన మూత్రపిండాలు. ఊపిరితిత్తులు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి.

వాంతులు, విరేచనాలు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, షుగరు, తీవ్రమైన జ్వరం, కొన్ని రకాల మందులు ఈ సమతుల్యాన్ని చెడగొడతాయి. బయటి నుండి చూసి "నీరసం" అని మాత్రమే చెప్పగలం. ఏ లవణం ఎంత మారిందో రక్తపరీక్షే చెప్పాలి. దీనికి మోచేతి దగ్గర సిర నుండి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. ఇది అర చెంచా కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. ఈ పరీక్ష ఒక్కదాని కోసం పరగడుపున ఉండనవసరం లేదు.

రిపోర్టులో కనిపించే అంకెలు

పెద్దవారిలో సాధారణంగా ఉండవలసిన పరిమితులు ఇవి. లీటరు రక్తద్రవానికి మిల్లీ ఈక్వివలెంట్లు అనే కొలతలో వీటిని చెబుతారు.

సోడియం: 135 నుండి 145 వరకు
పొటాషియం: 3.5 నుండి 5.0 వరకు
క్లోరైడ్: 98 నుండి 106 వరకు
బైకార్బొనేట్: 22 నుండి 26 వరకు

ఒక ల్యాబ్‌కు, మరొక ల్యాబ్‌కు ఈ పరిమితులలో కొద్దిపాటి తేడా ఉంటుంది. కాబట్టి మీ రిపోర్టులో అంకె పక్కన ముద్రించిన పరిమితినే చూడండి. ఒక విషయం గమనించండి. సోడియం పది అంకెలు మారితే ఆలోచించాలి. పొటాషియం రెండు అంకెలు మారితేనే ప్రాణం మీదికి రావచ్చు. 4 ఉండవలసింది 6 అయితే "రెండే కదా పెరిగింది" అనుకోకూడదు.

సోడియం – ఇది ఉప్పు లెక్క కాదు, నీటి లెక్క

పొయ్యి మీద చారు కాగుతోంది. ఉప్పు సరిగ్గానే వేశారు. ఇంతలో బంధువులు వచ్చారని రెండు గ్లాసుల నీళ్లు పోశారు. ఇప్పుడు రుచి చూస్తే ఉప్పు చాలలేదంటారు. గిన్నెలోని ఉప్పు తగ్గలేదు, నీరు పెరిగింది. రక్తంలో సోడియం తగ్గడం చాలామందిలో ఇలాగే జరుగుతుంది. ఒంట్లో చేరిన నీటిని మూత్రపిండాలు బయటకు పంపలేకపోతాయి. గుండె బలహీనపడినవారిలో, కాలేయం చెడినవారిలో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసినవారిలో ఇది కనిపిస్తుంది. ఇటువంటి రోగికి "నీరసంగా ఉన్నాడు" అని చెంబుల కొద్దీ నీళ్లు తాగిస్తే సోడియం ఇంకా పడిపోతుంది. కాళ్ల వాపు, ఆయాసం ఉన్న గుండె రోగికి ఉప్పు ఎక్కువ పెడితే వాపు, ఆయాసం పెరుగుతాయి.

మరికొందరిలో నీరు, ఉప్పు రెండూ పోతాయి. వాంతులు, విరేచనాలతో రెండూ పోయినప్పుడు ఉత్త నీళ్లు మాత్రమే తాగిస్తే నీరు తిరిగి వస్తుంది గాని లవణం రాదు. బీపీకి వాడే కొన్ని బిళ్లలు కూడా, ముఖ్యంగా హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్ వంటివి, వయసు మళ్లినవారిలో సోడియాన్ని బాగా తగ్గించగలవు. ఒకే అంకె, ఎన్నో కారణాలు. ఒక్కొక్క కారణానికి చికిత్స వేరు. ఒకరికి సెలైన్ ఎక్కించాలి. మరొకరికి నీళ్లు తగ్గించాలి. ఇంకొకరికి మాత్ర ఆపాలి.

సోడియం తగ్గితే వికారం, తలనొప్పి, మగత, తికమక మాటలు, తూలి పడిపోవడం ఉంటాయి. మరీ తగ్గితే ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. పెద్దవారు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే దాన్ని వయసు వల్ల వచ్చిన మతిమరుపు అనో, గాలి సోకిందనో అనుకుని రోజులు గడపకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

"సోడియం 118 ఉంటే ఈ రోజే 135 చేసేయవచ్చు కదా, ఎందుకింత ఆలస్యం?" అని చాలామంది అడుగుతారు. మెదడు కణాలు రెండు మూడు రోజుల్లో తక్కువ సోడియానికి అలవాటు పడతాయి. ఆ తరువాత సోడియాన్ని గబగబా పెంచితే మెదడులోని నరాల పైపొర దెబ్బతింటుంది. మొదట తేరుకున్నట్టే కనిపించిన మనిషికి కొద్ది రోజుల తరువాత మాట పడిపోవచ్చు, కాళ్లు చేతులు కదలకపోవచ్చు. అందుకే 24 గంటల్లో 8 నుండి 10 అంకెలకు మించి పెరగకుండా వైద్యులు జాగ్రత్త పడతారు. ఫిట్స్ వచ్చిన రోగికి మాత్రం మొదటి నాలుగైదు అంకెలను గాఢమైన సెలైన్‌తో త్వరగా పెంచి, తరువాత నెమ్మదిస్తారు. కాబట్టి "ఇవాళ 118, రేపు 125" అని విన్నప్పుడు నిరాశ పడకండి. చికిత్స సరిగ్గా సాగుతోందని అర్థం.

సోడియం పెరగడం కూడా ప్రమాదమే. దాహం వేసినా అడగలేని పక్షవాత రోగులలో, మంచాన పడిన వృద్ధులలో, ఓఆర్ఎస్ పొడిని తక్కువ నీళ్లలో చిక్కగా కలిపి పట్టిన పసిపిల్లలలో ఇది వస్తుంది.

పొటాషియం – గుండెకు దగ్గరి చుట్టం

ఒంట్లోని పొటాషియంలో దాదాపు అంతా కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండేది చాలా కొంచెం. ఆ కొంచెమే గుండె లయను నిలబెడుతుంది.

విరేచనాలు, వాంతులు, ఒంటి నీరు తీయడానికి ఇచ్చే ఫ్రూసెమైడ్ వంటి మందులు పొటాషియాన్ని తగ్గిస్తాయి. కాళ్లు పీకుతాయి, కండరాలు పట్టు తప్పుతాయి, కడుపు ఉబ్బుతుంది. 2.5 కంటే తగ్గితే గుండె లయ తప్పవచ్చు.

మూత్రపిండాలు పనిచేయనివారిలో పొటాషియం బయటకు పోక పెరుగుతుంది. స్పైరోనొలాక్టోన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులు దీన్ని మరికొంత పెంచగలవు. ఇవి మంచి మందులే. ఎందరో గుండె రోగులను కాపాడుతున్నవే. వాటిని మీరుగా ఆపకండి. వాటిని వాడేవారు డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి, అంతే. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో కొని వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు మాత్రం మూత్రపిండాలను దెబ్బతీసి పొటాషియాన్ని పెంచవచ్చు.

పొటాషియం 6.5 దాటితే గుండె ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. దీనిలో మోసం ఏమిటంటే, అంతవరకు రోగి మామూలుగానే కూర్చుని మాట్లాడుతూ ఉండవచ్చు. "బాగానే ఉన్నాడు కదా, రేపు వస్తాం" అని ఇంటికి తీసుకుపోకండి. వెంటనే ఈసీజీ తీస్తారు. గుండెను కాపాడటానికి కాల్షియం ఇంజక్షన్ ఇస్తారు. పొటాషియాన్ని కణాల లోపలికి పంపడానికి గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇస్తారు. రోగికి షుగరు లేకపోయినా ఇన్సులిన్ ఇచ్చారని కంగారు పడవద్దు. అప్పటికీ తగ్గకపోతే డయాలసిస్ చేయవలసి రావచ్చు.

మూత్రపిండాల జబ్బు ఉన్న ఇంట్లో రెండు విషయాలు తప్పక గుర్తుంచుకోవాలి. ఒకటి, కొబ్బరి నీళ్లు. రోగిని చూడటానికి వచ్చే ప్రతి ఒక్కరూ ప్రేమతో కొబ్బరి బోండం తెస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఆరోగ్యవంతుడికి మేలు చేసే ఆ నీరే మూత్రపిండాల రోగికి ముప్పు తెస్తుంది. రెండవది, "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు. అందులో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో, మూత్రపిండాల జబ్బు ఇంటింటా వినిపించే చోట, ఈ రెండు మాటలు ప్రతి కుటుంబానికీ తెలియాలి.

కొన్నిసార్లు రక్తం తీసేటప్పుడు గాని, ల్యాబ్‌కు చేరేలోగా గాని ట్యూబులో ఎర్రకణాలు చిట్లుతాయి. వాటిలోని పొటాషియం బయటకు వచ్చి రిపోర్టులో అంకె ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే అనుమానం వస్తే రెండవసారి రక్తం తీస్తారు. రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలిని పదేపదే గట్టిగా మూసి తెరిచినా అంకె పెరుగుతుంది. సిస్టరు చెప్పినట్టు చేతిని వదులుగా ఉంచితే చాలు.

ఆమ్లం, క్షారం – రెండు కాపలాదారులు

మన రక్తం కొద్దిగా క్షారగుణం కలది. దాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు. అది 7.35 నుండి 7.45 మధ్య ఉండాలి. తగ్గితే రక్తంలో ఆమ్లం పెరిగిందని, హెచ్చితే క్షారం పెరిగిందని అర్థం.

దీన్ని ఇద్దరు కాపలాదారులు చూసుకుంటారు. మొదటివారు ఊపిరితిత్తులు. కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్తంలో కరిగితే ఆమ్లం అవుతుంది. ఊపిరితిత్తులు దాన్ని బయటకు వదులుతాయి. నిమిషాల్లో పని జరుగుతుంది. రెండవవారు మూత్రపిండాలు. ఇవి క్షారమైన బైకార్బొనేట్‌ను నిలబెడతాయి. వీటి పని నెమ్మది, రోజులు పడుతుంది. ఒకరు అలసిపోతే రెండవవారు ఆ బరువు మోస్తారు.

దీనిని సరిగ్గా తెలుసుకోవడానికి ఏబీజీ అనే పరీక్ష చేస్తారు. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే ధమని నుండి రక్తం తీస్తారు. మామూలు సూదికంటే కాస్త ఎక్కువ నొప్పి ఉంటుంది. తీసిన తరువాత ఆ చోట కనీసం ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. ఈ పని మీకు అప్పగిస్తే మధ్యలో చెయ్యి తీసి చూడకండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, ఇంకా ఎక్కువసేపు నొక్కాలి. ఈ రిపోర్టులో పీహెచ్, బైకార్బొనేట్‌లతో పాటు కార్బన్ డయాక్సైడ్ పీడనం ఉంటుంది. అది 35 నుండి 45 మధ్య ఉండాలి.

సాధారణంగా కనిపించే పరిస్థితులు నాలుగు.

1. షుగరు రోగి ఇన్సులిన్ మానేసినప్పుడు ఒంట్లో కీటోన్ ఆమ్లాలు పేరుకుంటాయి. బైకార్బొనేట్ తగ్గుతుంది. రోగి లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. ఇది ఉబ్బసం కాదు. ఆమ్లాన్ని బయటకు నెట్టడానికి ఊపిరితిత్తులు పడే శ్రమ.

2. నీళ్ల విరేచనాలలో బైకార్బొనేట్ పేగుల నుండి బయటకు పోతుంది. మూత్రపిండాలు చెడినప్పుడు ఆమ్లం లోపల నిలిచిపోతుంది. ఈ రెండింటిలోనూ బైకార్బొనేట్ తగ్గుతుంది.

3. రోజుల తరబడి వాంతులు అయితే కడుపులోని ఆమ్లం పోతుంది. రక్తంలో క్షారం పెరుగుతుంది. క్లోరైడ్, పొటాషియం తగ్గుతాయి.

4. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట తాగి ఊపిరితిత్తులు చెడినవారిలో, కట్టెల పొయ్యి పొగకు ఊపిరితిత్తులు చెడిన ఆడవారిలో కార్బన్ డయాక్సైడ్ లోపలే ఉండిపోతుంది. మూత్రపిండాలు సర్దుబాటు కోసం బైకార్బొనేట్‌ను పెంచుతాయి.

నాలుగవ రకం రోగి పక్కన ఉండేవారికి ఒక హెచ్చరిక. ఆయాసం చూడలేక ఆక్సిజన్ మీటరును మీరే పెంచకండి. ఇటువంటి వారికి ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుని మగతలోకి జారిపోతారు. వేలికి పెట్టే యంత్రంలో 88 నుండి 92 ఉంటే చాలునని వైద్యులు ఉద్దేశపూర్వకంగానే అక్కడ ఉంచుతారు.

ఒక్క అంకెను నమ్మితే ఏమవుతుంది?

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో తీవ్రంగా వ్యాపించింది. ఊపిరి తీసే కండరాలు పడిపోయిన రోగులు వరుసగా చనిపోతున్నారు. వారి రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువగా కనిపించింది. రక్తంలో క్షారం పెరిగిందని, అది అంతుపట్టని మార్పని వైద్యులు అనుకున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు మాత్రం, ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ లోపల నిలిచిపోవడం వల్లే ఆ అంకె పెరిగిందని గ్రహించాడు. అది క్షారం కాదు, ఆమ్లం. 12 ఏళ్ల బాలికకు గొంతు దగ్గర గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆమె బతికింది. ఆ తరువాత వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని, వారాల తరబడి రాత్రింబవళ్లు రోగులకు చేత్తో ఊపిరి పోశారు. మరణాలు బాగా తగ్గాయి. ఈ రోజు మనం చూసే ఐసీయూలకు, ఏబీజీ యంత్రాలకు దారి అక్కడే పడింది.

ఆ రోజు అంకె తప్పు కాదు. దాని వెనుక ఉన్న కారణాన్ని తప్పుగా అనుకున్నారు.

ఇదే విషయాన్ని చిన్న లెక్కతో మీరే చూడవచ్చు. ఇద్దరు రోగులకు బైకార్బొనేట్ దాదాపు ఒకటే. మొదటివారికి సోడియం 136, క్లోరైడ్ 98, బైకార్బొనేట్ 10. సోడియంలో నుండి మిగతా రెండూ తీసివేస్తే 28 వస్తుంది. రెండవవారికి సోడియం 136, క్లోరైడ్ 115, బైకార్బొనేట్ 11. తీసివేస్తే 10 వస్తుంది. ఈ తేడా సాధారణంగా 8 నుండి 12 వరకు ఉంటుంది. మొదటివారిలో 28 వచ్చింది కాబట్టి రక్తంలో ఏదో కొత్త ఆమ్లం చేరిందని అర్థం. షుగరు కీటోన్లా, మూత్రపిండాల జబ్బా, ఏదైనా విషమా అని వెతకాలి. రెండవవారిలో విరేచనాలతో బైకార్బొనేట్ పోయి ఉండవచ్చు. బైకార్బొనేట్ ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకే జబ్బు మనుషులుగా కనిపిస్తారు.

మీరు చెప్పవలసిన సంగతులు

డాక్టరు గారు అడగకపోయినా ఈ విషయాలు చెప్పండి.

వాంతులు, విరేచనాలు ఎన్ని రోజులుగా, రోజుకు ఎన్నిసార్లు?
నిన్నటి నుండి మూత్రం ఎన్నిసార్లు వెళ్లారు? ఆఖరిసారి ఎప్పుడు?
రోజుకు సుమారు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు? గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, కూల్‌డ్రింకులు ఏమైనా ఇచ్చారా?
ఈ నెలలో కొత్తగా మొదలుపెట్టిన మందు, మార్చిన మందు, ఆపిన మందు ఏమిటి?
నొప్పుల బిళ్లలు, నాటు మందు, ఆకు పసరు ఏమైనా వాడారా? దాచకండి. తిట్టడానికి కాదు, చికిత్స సరిచేయడానికే అడుగుతాము.
మనిషి మామూలుగా ఎలా ఉండేవారు, ఏ రోజు నుండి తేడా కనిపించింది?

మందుల పేర్లు గుర్తు లేకపోతే ఇంట్లో ఉన్న అట్టలు, ఖాళీ అట్టలతో సహా ఒక సంచిలో వేసి తీసుకురండి. పాత రిపోర్టులు కూడా తెండి. ఆరు నెలల క్రితం సోడియం 137 ఉందా, 128 ఉందా అన్నది ఈ రోజు 124 చూసిన వైద్యునికి ఎంతో పనికి వస్తుంది.

చేయకూడని పనులు

సెలైన్ పైపుకు ఉన్న చిన్న చక్రాన్ని ముట్టుకోకండి. "త్వరగా అయిపోతే ఇంటికి వెళ్లవచ్చు" అని దాన్ని తిప్పేవారు ఉన్నారు. ఆ సీసాలో పొటాషియం కలిపి ఉంటే, వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు.

సోడియం తగ్గిందని ఉప్పు నీళ్లు, ఉప్పు ఉండలు మింగించకండి. వైద్యుడు చెబితేనే ఇవ్వండి.

నీళ్లు తగ్గించమని చెప్పినప్పుడు జాలిపడి రహస్యంగా తాగించకండి. నోరు ఎండిపోతుంటే తడిగుడ్డతో పెదవులు తడపండి.

స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి.

షుగరు రోగి తినడం లేదని ఇన్సులిన్‌ను మీరుగా పూర్తిగా ఆపకండి. వెంటనే వైద్యుని సలహా అడగండి.

విరేచనాలు అయినప్పుడు ఇంటి దగ్గరే చేయగల మంచి పని

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఆయన బృందం ఉప్పు, పంచదార రకం గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో ఉంచి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి. అక్కడ ప్రాణాలు నిలబెట్టిన చేతుల్లో మీలాంటి తల్లులు, అన్నదమ్ముల చేతులే ఎక్కువ.

ఇప్పుడు వాడే ఓఆర్ఎస్ పాళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది. లీటరు పొట్లాన్ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. ఎక్కువ నీళ్లు పోసినా, తక్కువ పోసినా లవణాల పాళ్లు తప్పుతాయి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు చెంచా అంచుకు సమానంగా కొలిచి కలపండి. పిల్లవాడు వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు ఆపకండి.

రంగురంగుల డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలో పంచదార ఎక్కువ, లవణాలు తక్కువ. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఇటువంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు అని ఉందో లేదో చూసి తీసుకోండి.

కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మత్తుగా ఉన్నా, మలంలో రక్తం పడినా ఓఆర్ఎస్‌తో ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి రండి.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

*నిన్ననే రక్తం తీశారు కదా, మళ్లీ ఎందుకు?*
చికిత్సతో ఈ అంకెలు గంటల్లో మారతాయి. షుగరు ఆమ్లంతో వచ్చిన రోగికి ఇన్సులిన్ ఇవ్వగానే పొటాషియం కణాల్లోకి వెళ్లి రక్తంలో పడిపోతుంది. అందుకే రెండు నుండి నాలుగు గంటలకు ఒకసారి చూడవలసి వస్తుంది. సోడియం మరీ త్వరగా పెరగడం లేదని తెలుసుకోవడానికి కూడా పరీక్షే దారి. ఖర్చు బరువుగా ఉంటే పరీక్ష వద్దనకండి. ఆ సంగతి డాక్టరు గారితో చెప్పండి. ఏది తప్పనిసరో, ఏది ఆపవచ్చో ఆయన చెబుతారు.

*రక్తం ఇన్నిసార్లు తీస్తే రోగి నీరసించడా?*
పెద్దవారిలో ఒక్కొక్కసారి తీసేది రెండు మూడు మిల్లీలీటర్లే. అంత రక్తాన్ని శరీరం తిరిగి చేసుకుంటుంది. పసిపిల్లలలో ఇంకా తక్కువ తీస్తారు.

*రిపోర్టు బాగానే ఉంది, కానీ మనిషి తేరుకోలేదు. ఎందుకు?*
అంకె ముందు సర్దుకుంటుంది, మెదడు తరువాత తేరుకుంటుంది. పెద్దవారిలో రెండు మూడు రోజులు పట్టవచ్చు. అయినా మీకు తేడా కనిపిస్తే సిస్టరుతో చెప్పడానికి సంకోచించకండి. రోగి మామూలుగా ఎలా ఉంటారో మీకే బాగా తెలుసు.

చివరగా

మొదట చెప్పుకున్న పెద్దాయన దగ్గరికి తిరిగి వద్దాం. కొడుకు మందుల చీటీ మాత్రమే తెచ్చాడు. అందులో అనుమానించవలసింది ఏమీ లేదు. సాయంత్రం అన్నం క్యారేజీ తెచ్చిన కోడలు, "మూడు వారాల క్రితం పక్క ఊరిలో బీపీ చూపించుకుంటే బిళ్ల మార్చారండీ. ఇదిగో అట్ట" అని సంచిలో నుండి తీసి ఇచ్చింది. అది హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ల. దాన్ని ఆపారు. సెలైన్ నెమ్మదిగా ఎక్కించారు. మొదటి రోజు 125, రెండవ రోజు 131. మూడవ రోజు ఉదయం ఆయన కోడలిని పేరు పెట్టి పిలిచి, కాఫీ అడిగారు.

ఇది మీ కోసం కల్పించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇటువంటివి వార్డుల్లో జరుగుతూనే ఉంటాయి. రిపోర్టు చేతికి వచ్చినప్పుడు అంకె చూసి భయపడకండి, తేలికగా తీసుకుని వెళ్లిపోకండి. "ఇది ఎందుకు మారింది డాక్టరు గారూ? మా వైపు నుండి మీకు ఏమి తెలియాలి?" అని అడగండి. మళ్లీ ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు దుప్పటి, ప్లాస్కుతో పాటు మందుల అట్టలున్న సంచిని కూడా మరువకుండా తీసుకురండి.